దుఃఖము వేరు, కృంగుదల వేరు



మొన్న గురువారం పక్క ఊరిలో ఒక ఆదరణ కూడికకు వెళ్ళాము. భర్తను భూస్థాపన చేసి పదకొండు రోజులైన తల్లి ముందు వరుసలో చాప మీద కూర్చుని ఏడుస్తోంది. వాక్యం చెప్పడానికి వచ్చిన సహోదరుడు ప్రసంగం మధ్యలో ఆమె వైపు తిరిగి, విశ్వాసురాలివై ఉండి ఇంతలా ఏడిస్తే మన సాక్ష్యం ఏమవుతుందమ్మా, లేచి స్తోత్రం చెప్పు అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంది. అందరూ ఆమెన్ అన్నారు.

తిరుగు దారిలో ఆటోలో మా పక్కన కూర్చున్న ఒక అక్క తన కూతురి సంగతి చెప్పింది. కాన్పయి నాలుగు నెలలైందట. బిడ్డ ఏడుస్తున్నా ఎత్తుకోదట. గోడ వైపు తిరిగి పడుకుంటుందట, కానీ నిద్రపోదట. కన్నీళ్ళు మాత్రం లేవు. "ఏడవడం లేదు కదా అయ్యగారూ, అందుకని బాధేమీ లేదనుకున్నాము. ఏదో సోకిందని 21 రోజుల ప్రార్థన పెట్టించాము" అంది.

ఒకే రోజున రెండూ చూశాము. ఏ జబ్బూ లేని తల్లిని ఏడవవద్దని గద్దించారు. జబ్బుపడిన కూతురికి కన్నీళ్ళు లేవు గనుక బాగానే ఉందనుకున్నారు. ఇది ఆ ఊరి పొరపాటు మాత్రమే అయితే ఇక్కడ రాయము. మన సంఘాల్లో చాలా చోట్ల దుఃఖాన్ని, కృంగుదలను ఇలాగే తారుమారు చేసి చూస్తున్నాము. మేమూ చేశాము. మేమంటే సంఘంలో మీరు అయ్యగారు, అమ్మగారు అని పిలిచే మేమిద్దరమూ. అది ముందు ఒప్పుకోవాలి.

నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసిన ఏడాది మీకు గుర్తుంటుంది, 2021-22 పంట కాలం. మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కనే పొలాలు కౌలుకు తీసుకుని మిరప వేశారు. ఇద్దరి తోటలూ పూత దశలోనే పోయాయి. ఇద్దరికీ ఇంచుమించు ఒకటే అప్పు. (వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాము. గుర్తుపట్టకుండా ఒకటి రెండు సంగతులు మార్చాము.)

పెద్దవాడు గోల గోల చేశాడు. ఆరాధన మధ్యలో లేచి ఏడ్చాడు. దేవుడు మమ్మల్ని మరిచిపోయాడు అయ్యగారూ అని మా ముందే అన్నాడు. విత్తనాల కొట్టువాడిని తిట్టాడు, పెళ్ళాం మీద అరిచాడు, తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మేము మూడు నాలుగు సార్లు వాళ్ళింటికి వెళ్ళాము. వెళ్ళినప్పుడల్లా ముందు ఏడ్చి, తర్వాత కాఫీ పెట్టించి, దూడ ఈనిన సంగతో మనవడి అల్లరో చెప్పి నవ్వేవాడు. మేము లేచేసరికి మళ్ళీ మొహం దిగులుగా అయ్యేది.

చిన్నవాడు మందిరంలో డోలక్ వాయిస్తాడు. అతను ఒక్క మాట అనలేదు. ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. ఆదివారం వచ్చాడు, వాయించాడు, వెళ్ళాడు. అప్పుడు మేము పుల్పిట్ మీద నుండి ఏమన్నామో తెలుసా? "తమ్ముణ్ణి చూడండి, అంత నష్టంలోనూ ఎంత నిబ్బరంగా ఉన్నాడో, విశ్వాసమంటే అదీ" అన్నాము. అన్న తలవంచుకున్నాడు. తమ్ముడు అప్పటికే మూడు వారాలుగా సరిగా తినడం లేదని మాకు తెలియదు. అడగలేదు గనుక తెలియలేదు.

తర్వాత అతను డోలక్ వాయించడం మానేశాడు. చేతులు బరువుగా ఉన్నాయన్నాడు. ఆ తర్వాత రావడమే మానేశాడు. విశ్వాసంలో చల్లారిపోయాడని పెద్దలు అన్నారు, మేమూ కాదనలేదు. ఒక తెల్లవారుజామున అతని భార్య వచ్చి చెప్పింది: రోజూ మూడింటికే లేచి పశువుల కొట్టంలో ఒక్కడే కూర్చుంటున్నాడు, అన్నం కలిపి అలాగే వదిలేస్తున్నాడు, పిల్లలు పలకరిస్తే ఎక్కడో ఉన్నట్టు చూస్తున్నాడు, నేను లేకపోతే మీరు బాగుంటారు అంటున్నాడు. మేము నూనె రాసి ప్రార్థన చేశాము. దాచుకున్న పాపం ఏదైనా ఉంటే ఒప్పుకో అన్నాము. మూడు రోజుల ఉపవాస కూడిక పెట్టాము. ముందే తిండి మానేసిన మనిషికి ఉపవాసం పెట్టాము! ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ మూడో రోజు సాయంత్రం కొట్టంలో గడ్డి వెనక దాచిన పురుగుమందు డబ్బా అతని భార్య కంటపడింది. మా సంఘంలోనే ఉన్న ఆశా కార్యకర్త పరుగున వచ్చి, ప్రార్థన ఆపవద్దు అయ్యగారూ, కానీ దీన్ని డాక్టరు చూడాలి, రేపు కాదు, ఇప్పుడే అంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూసి, అక్కడి నుండి జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుని దగ్గరకు పంపారు. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. థైరాయిడ్ మందగించినా, రక్తం బాగా తగ్గినా మనిషి ఇలాగే నీరసించి దిగాలుపడవచ్చట, అందుకని ముందు అవి చూస్తారట. అతనికి అవి బాగానే ఉన్నాయి. అది కృంగుదల వ్యాధి, డిప్రెషన్.

ప్రియులారా, ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. ఇద్దరికీ పోయింది ఒకే పంట. అప్పుంది కదా, పంట పోయింది కదా, బాధపడక ఏం చేస్తాడు అని మేము తమ్ముడి విషయంలో సరిపెట్టుకున్నాము. మేము చేసిన అసలు పొరపాటు అదే. కారణం కనబడితే అది మామూలు బాధే, కారణం లేకుండా దిగులుపడితేనే జబ్బు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కారణం ఉన్న దుఃఖం కూడా జబ్బుగా మారవచ్చు. ఏ కొరతా లేని ఇంట్లోనూ జబ్బు రావచ్చు. కాలవ దగ్గర జారిపడి కాలు విరిగినవాడిని, జారాడు కదా, నొప్పి సహజమే అని కట్టు కట్టించకుండా వదలము గదా. ఎందుకు వచ్చిందని అడగడం మంచిదే. కానీ తేడా తెలిసేది అక్కడ కాదు. ఆ మనిషికి ఇప్పుడు ఏమవుతోంది అన్నదాంట్లో తెలుస్తుంది.

మేము గమనించినంతలో దుఃఖం అలల్లాగా వస్తుంది. ముంచుతుంది, తగ్గుతుంది, మళ్ళీ ముంచుతుంది. మధ్యలో మనవడు నవ్విస్తే నవ్వు వస్తుంది, ఎవరైనా ముద్ద కలిపి పెడితే దిగుతుంది, పక్కన కూర్చుంటే కొంచెం తేలికవుతుంది. అంటే ఆదరణ లోపలికి వెళుతుంది. కృంగుదలలో వెళ్ళదు. పాట బాగుందని తెలుస్తుంది గాని పట్టదు. బిడ్డ ముద్దుగా ఉందని తెలుస్తుంది గాని ఎత్తుకోవాలనిపించదు. ఆ తమ్ముడు తర్వాత మాతో అన్నాడు, "అయ్యగారూ, మీరు ప్రార్థన చేస్తుంటే పక్కింట్లో ఎవరికో చేస్తున్నట్టు ఉండేది" అని.

వైద్యులు చూసే గుర్తులు మన ఊరి మాటల్లో చెప్పుకుంటే ఇవి: దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ దిగులు, లేదా దేనిమీదా మనసు పోకపోవడం. వీటితోపాటు నిద్ర చెడడం, ముఖ్యంగా తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం. కొందరు దీనికి తిరగబడి అదే పనిగా పడుకుంటారు. ఆకలి పోవడం, ఒళ్ళు బరువెక్కడం, చిన్న పనికీ అలసట, ఒక మాట వింటూ మధ్యలో జారిపోవడం, నేను దేనికీ పనికిరాననే తలంపు, చావు తలంపులు. ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలు దాటి ఉంటే, ఇంటి పని పొలం పని కుంటుపడితే, చూపించాలి. చావు మాట వస్తే రెండు వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. మన పల్లెల్లో చాలామంది మనసు బాగాలేదు అనరు. తలపోటు, గుండెదడ, ఒంట్లో మంటలు అంటారు. ఆర్‌ఎంపీ దగ్గర బలానికి సెలైను ఎక్కించుకుని వస్తారు. మగవాళ్ళయితే చిరాకు, తాగుడు. ఏడుపు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కన్నీళ్ళు కొలిచి చెప్పలేము.

మన విశ్వాసుల్లో ఇంకొక చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ జబ్బులో అపరాధ భావం విపరీతంగా ఉంటుంది. నేను పాపిని, నా వల్లే ఇల్లు పాడైంది, దేవుడు నన్ను వదిలేశాడు అని రోగి అంటుంటాడు. బయటివాళ్ళకు అది వింతగా వినిపిస్తుంది. మనకేమో అది చక్కటి పశ్చాత్తాపంలాగా వినిపిస్తుంది! ఆత్మ పనిచేస్తోందని సంతోషపడి, ఇంకా ఒప్పుకో, ఇంకా విరుగు అంటాము. మునిగిపోతున్న మనిషి నెత్తిన నీళ్ళ బిందె పెట్టినట్టు. నిజమైన పశ్చాత్తాపానికి పేరున్న తప్పు ఒకటి ఉంటుంది. ఒప్పుకుంటాడు, క్షమాపణ వింటాడు, ఆ రాత్రి నిద్రపోతాడు. ఈ జబ్బులో క్షమాపణ ఎన్నిసార్లు చెప్పినా అతుక్కోదు. పదేళ్ళ క్రితం ఎవరినో ఒక మాట అన్నది కూడా కొండంత అవుతుంది. ఒకే పాపాన్ని వారం వారం ఒప్పుకుంటూ ఏ వారమూ తేలికపడని మనిషి కనిపిస్తే, కాపరులారా, ప్రసంగం పక్కన పెట్టి నిద్ర ఎలా పడుతోంది అని అడగండి.

లేఖనాలు ఈ విషయంలో మనకంటే సున్నితంగా ఉన్నాయి. మోషే చనిపోతే ఇశ్రాయేలీయులు 30 దినాలు ఏడ్చారని ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయంలో ఉంది. ఎవరూ వారిని గద్దించలేదు. మరి కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసిన ప్రభువే బేతనియలో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కూడికలో మాట్లాడిన సహోదరునికి ఈ సంగతి తెలియక కాదు, ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. హన్నా విషయమూ చూడండి. ఆమె తినకుండా ఏడ్చింది, మందిరంలో మనసు కుమ్మరించింది, యాజకుడు ఏలీ ఆమెను చూసి తాగివచ్చిందనుకున్నాడు. కాపరి కన్ను మోసపోవడం ఇప్పటిది కాదు. కానీ ఏలీ తన పొరపాటు తెలియగానే మాట మార్చుకున్నాడు, దీవించి పంపాడు. ఆమె వెళ్ళి భోజనం చేసింది, మొహం తేటపడింది. బిడ్డ ఇంకా కలగలేదు, అయినా ఆదరణ లోపలికి వెళ్ళింది. అది దుఃఖం.

ఏలీయా సంగతి మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఉంది. కర్మెలు మీద అంత గొప్ప కార్యం చూసినవాడే యెజెబెలు మాటకు ప్రాణభయంతో పారిపోయాడు. బెయేర్షెబాలో పనివాడిని కూడా విడిచి ఒంటరిగా అరణ్యంలోకి వెళ్ళాడు, చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. ఏలీయాకు డిప్రెషన్ అని మేము చీటీ రాయబోవడం లేదు, మేము డాక్టర్లము కాము. దేవుడు ఏం చేశాడో మాత్రం చూడండి. మొదట నిద్రపోనిచ్చాడు. దూత లేపి వేడి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ పెట్టాడు. ఇక్కడ నీకేం పని అనే ప్రశ్న నలభై రోజుల తర్వాత హోరేబు దగ్గర గాని రాలేదు. మేమైతే ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాము.

88వ కీర్తన చదివారా? ఎజ్రాహీయుడైన హేమానుది. మిగిలిన విలాప కీర్తనలు చాలావరకు చివరలో స్తుతికి తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని మన బైబిల్లో నుండి ఎవరూ తీసేయలేదు. మందిరంలో చివరికి స్తోత్రం చెప్పలేకపోయిన మనిషికి కూడా ఒక కీర్తన ఉందన్నమాట.

ఇంత చెప్పినా, గొప్ప దైవజనులకు ఇలాంటివి రావు కదా అనేవారున్నారు. స్పర్జన్ గారి పేరు వినని సేవకుడు ఉండడు. 1856 అక్టోబరులో, ఆయనకు 22 ఏళ్ళప్పుడు, లండన్‌లో సర్రే గార్డెన్స్ సంగీతశాలలో ఆయన కూటం జరుగుతుండగా ఎవరో నిప్పు అని అరిచారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయన కొన్నాళ్ళు పుల్పిట్ ఎక్కలేకపోయాడు. ఆ తర్వాత కూడా జీవితమంతా కృంగుదల ఆయనను వదలకుండా వచ్చిపోతూ ఉండేది. దాన్ని ఆయన దాచుకోలేదు. సేవకు సిద్ధపడుతున్న విద్యార్థులకు ఒక ఉపన్యాసమే దీనిమీద ఇచ్చాడు. ఆయన కాలంలో ఇప్పుడున్న వైద్యం లేదు. మనకు ఉంది.

మందుల గురించి రెండు మాటలు. ఇవి నిద్రమాత్రలు కావు, మత్తుకు అలవాటు చేసేవీ కావు. కానీ పారాసెటమాల్‌లాగా పూటలో పనిచేయవు. మేలు కనిపించడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మన తమ్ముడు పదో రోజునే, ఏమీ లాభం లేదు, మానేస్తానన్నాడు. ఆ రోజుల్లో మా పని వాక్యం చెప్పడం కాదు, సాయంత్రం వెళ్ళి మాత్ర వేసుకున్నాడో లేదో చూసి, పక్కన కాసేపు ఊరకే కూర్చుని రావడమే. ఆరో వారంలో ఒక రోజు అన్నం తింటూ, పప్పులో ఉప్పు తక్కువైంది అన్నాడట. అతని భార్య వంటింట్లోకి వెళ్ళి ఏడ్చానని అమ్మగారితో చెప్పింది. నాలుగు నెలల్లో అతను రుచి గురించి అన్న మొదటి మాట అది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలైనా వాడమంటారు డాక్టర్లు, ఆపేటప్పుడు కూడా వాళ్ళు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకుంటూ ఆపాలి. అందుకని "విశ్వాసంతో మాత్రలు మానేశాను" అనే సాక్ష్యాలకు మా మందిరంలో మైకు ఇవ్వడం మానేశాము. కొందరు పెద్దలకు కోపం వచ్చింది. మా ఇంట్లో షుగరు మాత్రలు రోజూ వేసుకుంటున్నాము, దానివల్ల మా విశ్వాసం పోలేదు అని చెప్పాము. పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడే గదా.

చావు తలంపుల గురించి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని భయపడకండి. అలా అవదని వైద్యులు చెబుతారు. "చనిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అని నేరుగా, మెల్లగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో, కొట్టంలో ఉన్న పురుగుమందులన్నీ తీసి వేరే ఇంట్లో తాళం వేసి పెట్టండి. ప్రమాదం దగ్గరగా ఉంటే 108. ఎప్పుడైనా మాట్లాడడానికి ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు, రాత్రయినా పగలైనా పలుకుతారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడి మీద కేసవుతుందని దాచిపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళనివారు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక అలాంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి చికిత్స ఇవ్వాలి గాని శిక్షించకూడదు. ఇక ఎర్రగడ్డ అనీ, వైజాగ్ పిచ్చాసుపత్రి అనీ ఎగతాళి చేసే మాటలు మన మందిరం అరుగు మీద కూడా వింటున్నాము. అవి విన్నవాడు తన నిద్ర సంగతి ఎవరికి చెబుతాడు?

భర్త పోయిన తల్లి దగ్గరకు శనివారం మళ్ళీ వెళ్ళాము. ఆమెను ఏడవనిచ్చాము. ఆయనకు ఇష్టమైన పచ్చడి గురించి, ఆయన మొండితనం గురించి చాలాసేపు చెప్పింది, మధ్యలో నవ్వింది కూడా. పిల్లలు హైదరాబాదు నుండి ఫోను చేసి అమ్మకు డిప్రెషన్ వచ్చిందేమో, డాక్టరుకు చూపించమంటారా అన్నారు. ఇప్పటికి అవసరం లేదు, వారానికొకసారి ఎవరో ఒకరు వచ్చి వెళ్ళండి, తిండీ నిద్రా కనిపెట్టుకుని ఉంటాము, తేడా కనిపిస్తే మేమే తీసుకెళతాము అని చెప్పాము.

ఆటోలో కలిసిన అక్క ఇంటికి నిన్న వెళ్ళాము. అమ్మాయి మంచం మీదే ఉంది. బిడ్డ అమ్మమ్మ ఒళ్ళో ఉంది. అమ్మగారు ఒంటరిగా కూర్చుని ఆ ప్రశ్న అడిగితే అమ్మాయి అవుననలేదు, కాదనలేదు, గోడ వైపు తిరిగింది. అక్కడి నుండే 14416కి మాట్లాడాము. ఆలస్యం చేయవద్దన్నారు. అక్క మాత్రం, మొక్కుకున్నాము అయ్యగారూ, 21 రోజులు అయిపోనివ్వండి, ఇంకా పదమూడు రోజులే కదా అంది. ప్రార్థన మేమూ చేస్తాము, ఆసుపత్రిలో కూర్చుని చేద్దాము అన్నాము. రాత్రి బాగా పొద్దుపోయాక అల్లుడితో ఫోనులో మాట్లాడితే, హైదరాబాదు నుండి బస్సెక్కుతున్నానన్నాడు. అమ్మగారు రాత్రి అక్కడే పడుకుంది. ఆశా కార్యకర్త ఏడింటికి వస్తానంది, ఆటో కూడా చెప్పాము. ఇది రాసేసరికి తెల్లవారుతోంది. ఆ బిడ్డ కోసం, బిడ్డ తల్లి కోసం ప్రార్థించండి.